అప్, అవుట్, ఆఫ్, ఆన్: ఇంగ్లిష్ క్రియల వెయ్యేళ్ల దారి

పోలీస్ స్టేషన్లో లాకప్. ఫ్యాక్టరీ గేటు దగ్గర లాకౌట్. కరోనా కాలంలో లాక్‌డౌన్. షేర్లు కొన్నవాళ్లకు లాకిన్ పీరియడ్. నాలుగూ తెలుగు పేపర్లలో మనం చదివే మాటలే. నాలుగింటిలోనూ ఉన్న తాళం ఒక్కటే. పక్కన చేరిన చిన్నమాటను బట్టి ఆ తాళం ఒకచోట నిందితుణ్ణి లోపల పెట్టింది, ఒకచోట కార్మికుణ్ణి బయట నిలబెట్టింది, ఒకచోట ఊళ్లకు ఊళ్లనే ఇళ్లలో కూర్చోబెట్టింది, ఇంకోచోట డబ్బును గడువు దాకా కదలనివ్వలేదు. 'లే' అనే క్రియను తీసుకున్నా అంతే: రియల్ ఎస్టేట్‌లో అది లేఅవుట్, సాఫ్ట్‌వేర్ కంపెనీలో లేఆఫ్. 'కట్' సంగతీ అంతే: సినిమా హాలు ముందు కటౌట్, కాలేజీ సీట్ల దగ్గర కటాఫ్.

ఇవన్నీ మనదాకా నామవాచకాలుగా వచ్చాయి కానీ ఇంగ్లిష్‌లో వీటి పుట్టుక క్రియల్లోనే. ఒక చిన్న క్రియ, దాని వెంట ఒక యాడ్‌వెర్బో ప్రిపోజిషనో, ఒక్కోసారి రెండూ. ఈ జోడీనే ఫ్రేజల్ వెర్బ్ అంటున్నారు: గివ్ అప్, పుట్ ఆఫ్, లుక్ ఆఫ్టర్, గెట్ అలాంగ్ విత్. మన బడుల్లో వీటిని పట్టికగా ఇచ్చి బట్టీ పట్టమని వదిలేస్తారు. దాంతో ఇవి ఇంగ్లిష్‌కు తర్వాతెప్పుడో అంటుకున్న తేలిక మాటలనీ, గట్టి ఇంగ్లిష్ అంటే పొడుగాటి లాటిన్ మాటలేననీ మనలో చాలామందికి ఒక నమ్మకం పాతుకుపోయింది. చరిత్ర తిరగేస్తే సంగతి తలకిందులుగా ఉంది. నార్మండీ నుంచి నార్మన్లు దండెత్తి రాకముందు ఇంగ్లాండ్ జనం మాట్లాడుకున్న పుట్టుభాష అన్నిటికంటే గట్టిగా నిలిచింది ఈ జోడీల్లోనే.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఈ చిన్నమాటలు చాలావరకు క్రియకు ముందు అతుక్కుని ఉండేవి. కాల్చేయడాన్ని ఫోర్‌బేర్నన్ అనేవాళ్లు, ముక్కలయ్యేలా విరగ్గొట్టడాన్ని టోబ్రెకన్ అనేవాళ్లు. ఆ పాత పద్ధతి అండర్‌స్టాండ్, ఫర్గివ్, ఓవర్‌కమ్, విత్‌స్టాండ్ లాంటి కొన్ని మాటల్లో ఇప్పటికీ మిగిలింది. ఇంగ్లిష్‌కు దగ్గరి చుట్టమైన జర్మన్‌లో అతుక్కోవడం, విడిపోవడం రెండూ ఇవాళ్టికీ పక్కపక్కనే నడుస్తున్నాయి. లేవడం అనే క్రియ జర్మన్ నిఘంటువులో ఔఫ్‌స్టేయెన్ అని ఒకే మాటగా ఉంటుంది. 'నేను లేస్తాను' అనాలంటే మాత్రం ఇష్ స్టేయె ఔఫ్ అంటారు. ముందున్న ఔఫ్ విడిపోయి వాక్యం చివరికి వెళ్లిపోతుంది.

సంస్కృత వ్యాకరణం కాస్త తెలిసినవాళ్లకు ఇది పరాయి విషయం కాదు. హృ ధాతువు ముందు ఉపసర్గ మారిస్తే ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అవుతాయని మన పంతుళ్లు తరతరాలుగా చెబుతూ వచ్చారు. కొట్టడానికీ తినడానికీ చంపడానికీ షికారుకూ సంబంధమేమిటని ఏ విద్యార్థీ బెదిరిపోలేదు. పాణిని ఉపసర్గ ధాతువుకు ముందే రావాలని సూత్రం చెప్పి, ఆ వెంటనే వేదభాషలో అది ధాతువుకు తర్వాత కూడా రావచ్చనీ, మధ్యలో వేరే మాటలు ఉన్నా ఫరవాలేదనీ మరో రెండు సూత్రాలు చేర్చాడు. అంటే వేదకాలంలో ఉపసర్గ ఇంకా స్వతంత్రంగా తిరుగుతున్న మాటే. తర్వాతి సంస్కృతం దాన్ని ధాతువుకు ముందు కట్టేసింది. ఇంగ్లిష్ దీనికి సరిగ్గా ఎదురుదారి పట్టింది. ముందు కట్టేసి ఉన్న మాటల్ని మెల్లమెల్లగా వదులుకుని, విడిగా ఉన్నవాటిని క్రియ వెనక నిలబెట్టింది. ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబంలో పుట్టిన రెండు భాషలు ఇలా చెరో వైపు నడవడం నాకు భాషాచరిత్రలోని గొప్ప ఘట్టాల్లో ఒకటిగా తోస్తుంది.

ఇంగ్లిష్ ఎందుకు అటు మళ్లింది? ముందున్న ప్రత్యయాలను నొక్కి పలకకపోవడం వల్ల అవి నోటిలో అరిగిపోయాయి. వాక్యంలో కర్మ తర్వాత వచ్చే క్రియ కర్మకు ముందుకు జరిగింది. అప్పుడు చిన్నమాటకు క్రియ వెనక చోటు దొరికింది. వీటికి తోడు వైకింగుల రాక. 9వ శతాబ్దంలో ఇంగ్లాండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన వీళ్ల నార్స్ భాషలో చిన్నమాట అప్పటికే క్రియ వెనక ఉండేది. అది ఇంగ్లిష్ మీద ఎంతవరకు పనిచేసిందన్న దానిపై పండితుల మధ్య వాదం ఉంది కానీ, ఒక సంగతి మాత్రం గమనించాలి. ఇవాళ ఫ్రేజల్ వెర్బులు విస్తారంగా కట్టుకునే టేక్, గెట్, కాల్ మూడూ ఆ నార్స్ వాళ్లు ఇచ్చిపోయిన క్రియలే. పీటర్‌బరో మఠంలో సన్యాసులు 1154 దాకా రాస్తూ వచ్చిన వృత్తాంతం చివరి భాగంలో, 'అప్' అనే మాట పైకి అన్న అర్థం వదిలి 'పూర్తిగా' అన్న అర్థంలో కనిపిస్తుంది. మనకు దొరికిన తొలి ఉదాహరణల్లో అవి కొన్ని.

ఈలోగా 1066లో నార్మండీ నుంచి విలియం దండెత్తి వచ్చి ఇంగ్లాండ్‌ను గెలుచుకున్నాడు. రాజసభ, న్యాయస్థానం, పెద్దల ఇళ్లు ఫ్రెంచికి మారిపోయాయి. చర్చి, చదువు లాటిన్ చేతిలో ఉన్నాయి. పొలంలో, వంటింట్లో, సంతలో మాత్రం ఇంగ్లిష్ మిగిలింది. కోర్టుల్లో ఇంగ్లిష్‌లో వాదించుకోవచ్చని చట్టం రావడానికి 1362 దాకా పట్టింది. ఆ మూడు వందల ఏళ్లలోనూ, ఆ తర్వాత పునరుజ్జీవన కాలంలోనూ ఫ్రెంచి, లాటిన్ క్రియలు గుంపులుగా వచ్చిపడ్డాయి. ప్రతి పనికీ రెండేసి మాటలు తయారయ్యాయి. లోపలికి వెళ్లడం రైతుకు గో ఇన్, దొరకు ఎంటర్. కొనసాగించడం ఇంట్లో గో ఆన్, కాగితం మీద కంటిన్యూ. దీపం ఆర్పడం పుట్ అవుట్, శాస్త్రగ్రంథంలో ఎక్స్‌టింగ్విష్. వాయిదా వేయడం పుట్ ఆఫ్, నోటీసులో పోస్ట్‌పోన్. కనుక్కోవడం ఫైండ్ అవుట్, పండితుడికి డిస్కవర్. ఒక దేశాన్ని ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది ఇలా ఆ దేశపు క్రియల్లోనే రాసిపెట్టి ఉంది. ఓడినవాళ్ల భాష చావలేదు. నేలకు దగ్గరగా బతికింది.

బతకడమే కాదు, ఎదిగింది కూడా. విలియం టిండేల్ 1526లో కొత్త నిబంధనను ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు నాగలి పట్టినవాడికి కూడా అర్థమయ్యే భాష కావాలనుకున్నాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ ఆయన మాటల మీదే చాలావరకు నిలబడింది. ఆ బైబిల్ నిండా రైజ్ అప్, లిఫ్ట్ అప్, కాస్ట్ అవుట్, గో ఫోర్త్ లాంటి జోడీలే. షేక్‌స్పియర్ నాటకాల్లో రాజుల నోటా సేవకుల నోటా ఇవి ధారాళంగా వినిపిస్తాయి. అప్పట్లో అంత వాడుకలో ఉన్న 'ఫోర్త్' తర్వాతి కాలంలో వెనకబడి, తన చోటును చాలావరకు 'అవుట్'కు ఇచ్చేసింది. చిన్నమాటల్లోనూ ఇలా పుట్టేవి, పోయేవి ఉంటాయి.

18వ శతాబ్దం వచ్చేసరికి భాషకు చట్టం వేయాలన్న తపన మొదలైంది. అంతకు ముందే 1672లో కవి జాన్ డ్రైడెన్ నాటకకర్త బెన్ జాన్సన్ రచనలో వాక్యం చివర ప్రిపోజిషన్ రావడాన్ని తప్పు పట్టాడు. 1668లో తానే రాసిన ఒక వ్యాసాన్ని 1684లో తిరిగి అచ్చువేసినప్పుడు అలాంటి వాక్యాలన్నీ వెతికి దిద్దుకున్నాడు. 1762లో రాబర్ట్ లౌత్ వ్యాకరణం ఆ పద్ధతి మాటల్లో సరే కానీ గంభీరమైన రాతకు తగదంది. ఇది లాటిన్ కొలతతో ఇంగ్లిష్‌ను కొలవడం. 'వాట్ ఆర్ యూ లుకింగ్ ఫర్' అని అడగని ఇంగ్లిష్ మనిషి అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

ఈ నిర్మాణాన్ని అసలైన శ్రద్ధతో పట్టించుకున్నవాడు శామ్యూల్ జాన్సన్. 1755 నాటి తన నిఘంటువు పీఠికలో ఆయన దీని గురించి ప్రత్యేకంగా రాశాడు. క్రియ వెనక చిన్నమాట చేర్చి అర్థం మార్చే పద్ధతి ఇంగ్లిష్‌లో ఉన్నంతగా బహుశా మరే భాషలోనూ లేదనీ, విదేశీయులకు దీనంత కష్టం ఇంకోటి లేదనీ, కొన్నింటిలో అర్థం ఏ దారిన అక్కడికి చేరిందో ఎంత తెలివైనవాడూ కనిపెట్టలేడనీ ఆయన భావం. అందుకే కమ్ ఆఫ్, ఫాల్ ఆన్, బ్రేక్ ఆఫ్, గివ్ ఓవర్, సెట్ ఇన్ లాంటివాటిని శ్రమపడి ఏరి కూర్చాడు. ఒక్క టేక్ కిందే నూరుకు పైగా అర్థాలు ఇచ్చాడు. పరదేశి విద్యార్థిని మనసులో పెట్టుకుని ఒక లండన్ పండితుడు అంత పని చేశాడంటే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

ఇక్కడ కాసేపు ఆగి వాడుకను దగ్గర నుంచి చూడాలి. 'రన్ అప్ ఎ హిల్' అంటే గుట్ట మీదికి పరుగెత్తడం. 'రన్ అప్ ఎ బిల్' అంటే హోటల్లోనో కొట్లోనో బిల్లు పెంచుకుంటూ పోవడం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. మొదటిదానిలో 'అప్' ప్రిపోజిషన్, అది గుట్టకు చెందినది. రెండోదానిలో 'అప్' యాడ్‌వెర్బ్, అది క్రియకు చెందినది. అందుకే 'రన్ ఎ బిల్ అప్' అనవచ్చు, 'రన్ ఎ హిల్ అప్' అనకూడదు. సర్వనామం పెట్టి చూస్తే తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. లైటు ఆర్పమనాలంటే 'టర్న్ ఆఫ్ ది లైట్', 'టర్న్ ది లైట్ ఆఫ్' రెండూ సరైనవే. కానీ 'ఇట్' వచ్చిందంటే అది మధ్యలోనే కూర్చోవాలి: 'టర్న్ ఇట్ ఆఫ్'. 'టర్న్ ఆఫ్ ఇట్' అనేది ఇంగ్లిష్ చెవికి పడదు. 'లుక్ ఫర్' లాంటి ప్రిపోజిషన్ జోడీలో దీనికి రివర్స్: 'లుక్ ఫర్ ఇట్' తప్ప 'లుక్ ఇట్ ఫర్' లేదు. అదే 'లుక్ అప్' అయితే, నిఘంటువులో మాట వెతకడానికి 'లుక్ ఇట్ అప్'.

వినేటప్పుడూ గుర్తు ఉంది. యాడ్‌వెర్బ్ అయిన చిన్నమాటను నొక్కి పలుకుతారు, ప్రిపోజిషన్‌ను చాలావరకు తేలిగ్గా వదిలేస్తారు. క్రియకూ ప్రిపోజిషన్‌కూ మధ్య ఇంకో మాట దూరగలదు, 'లుక్ కేర్‌ఫుల్లీ ఎట్' అనడం మామూలే. 'గివ్ అప్' మధ్యలో అలాంటి మాట దూర్చలేం. యాడ్‌వెర్బ్, ప్రిపోజిషన్ రెండూ కలిసి వచ్చే మూడు మాటల జోడీల్లో చాలావాటికి కర్మ చివరే రావాలి, మధ్యలో దూరదు: పుట్ అప్ విత్, లుక్ ఫార్వర్డ్ టు. కర్మ పొడుగైతే చిన్నమాటను దూరంగా వదిలేయకుండా క్రియ పక్కనే ఉంచుతారు. ఇవి ఎవరో కూర్చుని రాసిన నియమాలు కావు. కోట్లమంది నోళ్లలో శతాబ్దాలుగా కుదురుకున్నవి.

చిన్నమాటల అర్థాలు కూడా జాన్సన్ భయపడినంత అడ్డదిడ్డంగా లేవు. 'అప్' మొదట పైకి. ధర పైకి పోవడం, శబ్దం పెంచడం అక్కణ్ణుంచి వచ్చాయి. కిందున్నది పైకి వస్తే కంటికి కనబడుతుంది కాబట్టి షో అప్, టర్న్ అప్, బ్రింగ్ అప్. గిన్నె అంచుదాకా నిండితే పని పూర్తయినట్టే కాబట్టి ఫిల్ అప్, ఆ దారిలోనే ఈట్ అప్, యూజ్ అప్. 'అవుట్' బయటికి. దాచినది బయటపడితే ఫైండ్ అవుట్, ఉన్నదంతా బయటికి పోతే రన్ అవుట్, వేర్ అవుట్. తెలుగులోనూ రహస్యం బయటపడుతుంది, కష్టపడ్డవాడు పైకొస్తాడు. మనిషి తన ఒంటిని, ఇంటిని బట్టే ఆలోచనలకు దిక్కులు పెట్టుకుంటాడు, భాష ఏదైనా సరే. అయినా చిక్కులు లేకపోలేదు. ఇల్లు కాలిపోతే బర్న్ డౌన్, కాగితం కాలిపోతే బర్న్ అప్: ఇల్లు నేలకూలుతుంది, కాగితం పొగై పైకి పోతుంది. అదే దరఖాస్తును బ్రిటన్ వాడు ఫిల్ ఇన్ చేస్తే అమెరికా వాడు ఫిల్ అవుట్ చేస్తాడు.

20వ శతాబ్దం ఈ నిర్మాణానికి ఒక పేరు పెట్టింది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన పుస్తకంలో ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు వాడి, అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించినదని చెప్పాడు. 1930లో సి.కె. ఆగ్డెన్ ప్రపంచానికంతా సులువైన ఇంగ్లిష్ ఇవ్వాలని 850 మాటలతో బేసిక్ ఇంగ్లిష్ తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే. 1943లో హార్వర్డ్ ప్రసంగంలో చర్చిల్ దాన్ని మెచ్చుకున్నాడు. మాటలు తగ్గాయి, నిజమే. కానీ టాలరేట్ అనే ఒక్క మాటను తీసేస్తే దాని చోట పుట్ అప్ విత్ అనాలి. మూడూ తేలిక మాటలే, కలిస్తే వచ్చే 'భరించు' అన్న అర్థం మూడింటిలో దేనిలోనూ లేదు. పరదేశి భారాన్ని ఆగ్డెన్ తగ్గించలేదు, ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చాడు.

1971లో డ్వైట్ బోలింజర్ ఈ జోడీల మీద ఒక పుస్తకమే రాశాడు. 1981లో సూసన్ లిండ్నర్ ఒక్క 'అవుట్', 'అప్'ల మీదే పరిశోధన గ్రంథం సమర్పించి, వీటి అర్థాల వెనక ఒక క్రమం ఉందని చూపింది. 1989లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం కోబిల్డ్ బృందం ఫ్రేజల్ వెర్బుల నిఘంటువు తెచ్చి, చివర చిన్నమాటలకు విడిగా ఒక సూచిక చేర్చింది. నా లెక్కలో జాన్సన్ తర్వాత విద్యార్థికి జరిగిన పెద్ద మేలు ఇదే. 2007లో గార్డ్‌నర్, డేవిస్ పది కోట్ల మాటల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను జల్లెడ పట్టి, సగటున ప్రతి 150 మాటలకు ఒక ఫ్రేజల్ వెర్బ్ తగులుతుందని తేల్చారు. కేవలం 20 క్రియలు, 8 చిన్నమాటలు కలిసే అందులో సగానికి పైగా నింపుతున్నాయనీ చూపారు. ఈ రెండో అంకె ప్రతి ఇంగ్లిష్ టీచరూ గోడకు రాసుకోదగ్గది.

ఇక మన సంగతి. 1835లో మెకాలే నివేదిక తర్వాత మనకు వచ్చిన ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం, కోర్టు, ఆఫీసు ఫైలు దారుల్లో వచ్చింది. వంటింటి ఇంగ్లిష్, సంతలో ఇంగ్లిష్ మనదాకా రాలేదు. అందుకే మన పెద్దలు పోస్ట్‌పోన్ అనగలరు, ఇన్వెస్టిగేట్ అనగలరు. పుట్ ఆఫ్, లుక్ ఇంటూ దగ్గర తడబడతారు. ఇజ్రాయెల్‌లో హీబ్రూ మాతృభాషగా ఉన్న విద్యార్థులూ ఫ్రేజల్ వెర్బ్‌ను తప్పించుకుని ఒంటి క్రియను ఎంచుకుంటున్నారని డాగుట్, లాఫర్ 1985లోనే చూపారు. ఆ విద్యార్థుల భాషలో ఈ నిర్మాణం లేకపోవడమే కారణమన్నారు. మరోవైపు మనవాళ్లు సొంతంగా కట్టుకున్నవీ ఉన్నాయి. చదువు పూర్తిచేసినవాణ్ణి ఫలానా ఏడాది పాసవుట్ అంటాం. లండన్‌లో పాస్ అవుట్ అంటే ముందుగా తోచేది స్పృహ తప్పడం. కోప్ విత్ అనాల్సిన చోట మనం కోప్ అప్ విత్ అంటాం. ఇవి విని సిగ్గుపడాల్సిన పని లేదు. ఎక్కడ మనది నడుస్తుందో, ఎక్కడ నడవదో తెలిసి ఉంటే చాలు.

నేను గమనించినంతలో మన తడబాటుకు ఇంకో కారణం ఉంది. పికప్, చెకిన్, లాగౌట్, ఫాలోఅప్ అని మనం అప్పు తెచ్చుకున్నవన్నీ అతికిన నామవాచకాలు. వాటికి తెలుగు 'చేయు', 'అవు' తగిలించి ఫాలోఅప్ చెయ్, లాగౌట్ అవ్వు అంటాం. తెలుగులో అది చక్కగా కుదిరింది. కానీ అదే అలవాటుతో ఇంగ్లిష్ మాట్లాడితే 'పికప్ మీ' అని వస్తుంది. అక్కడ 'పిక్ మీ అప్' అని విడదీయాలి. మనకు మాట తెలుసు, దాని కీలు తెలియదు.

అయితే మన చేతిలో ఒక బలం కూడా ఉంది. తినేశాడు, రాసేసింది అన్నప్పుడు ఆ 'వేయు'లో విసరడం ఏమీ లేదు, పని ముగిసిందన్న భావం ఒక్కటే మిగిలింది. విరిగిపోయింది, మర్చిపోయాను అన్నప్పుడు ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఈట్ అప్‌లో 'అప్' చేస్తున్నది అచ్చంగా ఇదే. ఇంగ్లిష్ చిన్న దిక్కుమాటతో చేసే పనిని తెలుగు రెండో క్రియతో చేస్తుంది. తినడానికీ తినేయడానికీ తేడా తెలిసిన తెలుగు పిల్లకు ఈట్‌కూ ఈట్ అప్‌కూ తేడా చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం మన తరగతి గదుల్లో దొరకడం లేదు.

ఇంగ్లిష్ టీచర్లకు, పోటీ పరీక్షల గైడ్లు రాసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఏ నుంచి జెడ్ దాకా సాగే ఆ పట్టికలను పక్కన పెట్టండి. వారానికి ఒక చిన్నమాట తీసుకోండి. ఈ వారం 'అప్', వచ్చే వారం 'అవుట్'. దాని అర్థం పైకి, బయటికి అన్న దగ్గర మొదలై ఎటెటు పాకిందో బోర్డు మీద చూపించండి. పక్కనే తెలుగు జోడీ రాయండి. 'ఇట్' పెట్టి ప్రతి వాక్యాన్నీ పిల్లల చేత బిగ్గరగా పలికించండి, ఎక్కడ విడదీయాలో చెవికి అలవాటవుతుంది. పరీక్షలో కూడా అర్థం అడగడం మాని, వాక్యంలో వాడమని అడగండి.